అరగ్లాసు పెట్రోలు

బ్రేకమ్మ పక్క సీటులో కూర్చుందంటే కారు నడిపేవాడికి చెమటలు పట్టాల్సిందే. ఆవిడ నోరు మెదపదు పాపం, మాట్లాడేదంతా కుడికాలే. ముందు బండి వెనక ఎర్రదీపం వెలిగితే చాలు, ఆ కాలు ఉత్త నేల మీదే బ్రేకు తొక్కేస్తుంది. బ్రేకమ్మ తన టాక్సీని సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా తోటి డ్రైవరొకడు ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపేవాడు. కొన్నాళ్ళకు అతని కారులో పక్క సీటు ముందున్న రబ్బరు చాప ఒకచోట అరిగి గుంట పడింది. "ఇదిగో బ్రేకమ్మా, నీ బ్రేకు అరిగిపోయింది, కొత్తది వేయించుకో" అని స్టాండులో అందరి ముందూ ఆ చాప పైకెత్తి చూపించాడు వాడు. ఆవిడా పడీపడీ నవ్వింది.

అసలు ఆ పేరు వచ్చింది కూడా బ్రేకు వల్లే. పంతొమ్మిదేళ్ళుగా టాక్సీ నడుపుతోంది. ఆవిడ బండిలో వెనక కూర్చుని నిండా టీ ఉన్న కప్పు పట్టుకున్నా చుక్క ఒలకదు. టాక్సీ కంపెనీలో కొత్తగా చేరిన కుర్రకారు బ్రేకు ఎలా వేయాలో ఆవిణ్ణి అడిగే నేర్చుకునేవాళ్ళు. నేర్చుకున్నవాళ్ళంతా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. నేర్పినావిడ మాత్రం స్టీరింగు వెనకాలే ఉండిపోయింది.

ఆవిడకు కావలసిందల్లా పక్క సీటు. కంపెనీ శిక్షణ కేంద్రంలో నేర్పించడానికి వాడే కార్లు నాలుగున్నాయి. వాటికి పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్పేవాళ్ళ కోసం. ఆ సీటులో కూర్చుని, ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని, పదిమందికి బండి నేర్పాలి. అంతే కోరిక. నేర్పే ఆయన ఒకరు రిటైరవుతున్నారు, చోటు ఖాళీ అవుతోంది. అయితే దానికి ఒక సర్టిఫికెట్టు కావాలి, సర్టిఫికెట్టుకు ఒక రాతపరీక్ష రాయాలి, ఆ పరీక్షలో సగం ఫిజిక్సు. మూడుసార్లకు మించి రాయనివ్వరు. బ్రేకమ్మ ఇప్పటికే రెండుసార్లు తప్పింది.

తెలివిలేక తప్పిందనుకుంటే పొరపాటు. తెలివి ఎక్కువై తప్పింది!

మొదటిసారి వచ్చిన లెక్క ఇది: వెయ్యి కిలోల కారు సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో పోతూ బ్రేకు వేస్తే యాభై మీటర్లలో ఆగింది, బ్రేకు బలం ఎంత? బ్రేకమ్మ పెన్ను మూత కొరుకుతూ ఆలోచించింది. వెయ్యి కిలోలంటే ఖాళీ కారు. ఖాళీ కారు రోడ్డు మీద ఎందుకు తిరుగుతుంది? నలుగురు మనుషులు రెండొందల అరవై. పెట్టెల బరువు నలభై. మొత్తం పదమూడు వందలు వేసి, ఐదువేల రెండు వందల న్యూటన్లు అని తేల్చింది. పుస్తకం జవాబు నాలుగు వేలు. సున్నా పడింది.

రెండోసారి ఇంకా ఘోరం. వాలు మీద కారు లెక్క ఇచ్చి, పక్కనే "ఘర్షణను ఉపేక్షించండి" అన్నారు. బ్రేకమ్మకు ఒళ్ళు మండిపోయింది. లెక్క వదిలేసి కింద ఇలా రాసింది: "ఘర్షణ లేకపోతే బండి ఆగదు, అసలు కదలదు కూడా. ఈ ప్రశ్న రాసిన వారు దయచేసి ఒక్కసారి వానలో నా టాక్సీ ఎక్కవలెను." పాసవడానికి నలభై రావలసిన చోట ఇరవై ఎనిమిది వచ్చాయి.

ఆ కాగితం చూసి ఆవిడ ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. ఆ అమ్మాయి పక్కవీధి హైస్కూల్లో ఫిజిక్సు టీచరు. అన్నా వదినా ఉండే ఇంట్లోనే మేడమీద గదిలో ఉంటుంది. నోరు తెరిస్తే సూత్రమే కాబట్టి బ్రేకమ్మ ఆ పిల్లను "సూత్రాలూ" అని పిలుస్తుంది.

"పరీక్ష పేపరు మీద పేచీలేంటి వదినా? దిద్దేవాళ్ళతో నీకేం పని?"

"తప్పు రాస్తే తప్పనొద్దా?"

"అది తప్పు కాదు. ఘర్షణ లేదని అనుకోమన్నారు, అంతే. అనుకో."

"నేననుకోను. పంతొమ్మిదేళ్ళుగా నా పొట్ట గడుస్తోందే ఘర్షణ మీద. అది లేదంటే దానికి కోపం రాదూ?"

కిటికీ దగ్గర కుట్టుమిషను మీద ఉన్న మొగుడు సూదిలోకి దారం ఎక్కిస్తూ ముసిముసిగా నవ్వాడు. ఆయన టైలరు. మెడలో టేపు లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు.

"మీరు నవ్వకండి," అంది బ్రేకమ్మ.

"నేనెక్కడ నవ్వాను! దారం ఎక్కడం లేదని మూతి అలా పెట్టాను."

సూత్రాలు కాగితం మడిచి వదిన చేతిలో పెట్టింది. "చూడు వదినా, ఇంకొక్కసారే రాయనిస్తారు. రేపట్నించి రోజూ స్కూలు వదలగానే గంటసేపు నా దగ్గర కూర్చో. ఒక్కటే షరతు. పరీక్ష గదిలోకి నువ్వు రావాలి కానీ నీలోని డ్రైవరు రాకూడదు. ఆవిణ్ణి గుమ్మం బయట గొడుగుతో పాటు వదిలేసి రా."

"సరే. నాదీ ఒక షరతు," అంది బ్రేకమ్మ. "నేను పాసైతే నా మొదటి శిష్యురాలివి నువ్వే. పదేళ్ళుగా పిల్లలకు కారు లెక్కలు చెబుతున్నావు, ఇంతవరకు స్టీరింగు ముట్టుకోలేదు. సిగ్గు లేకపోతే సరి."

సూత్రాలు ముఖం కాస్త పాలిపోయింది. కారు నడపడమంటే ఆ పిల్లకు చచ్చేంత భయం. అయినా ముందు వదిన పాసవాలి కదా, అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చులే అనుకుని "అలాగే" అనేసింది.

పాఠాలు మొదలయ్యాయి. కత్తిరింపుల బల్ల మీద గుడ్డముక్కలు ఒక పక్కకు నెట్టి, టైలరు సుద్దతోనే బల్ల మీద లెక్కలు వేసేవాళ్ళు. తొలి వారమంతా సూత్రాలు తల ప్రాణం తోకకొచ్చింది. కారు ద్రవ్యరాశి పన్నెండు వందలంటే "స్టెప్నీతో కలిపా?" అంటుంది. వేగం సెకనుకు ముప్పై మీటర్లంటే "ఏ రోడ్డు మీద? పోలీసులు లేరా?" అంటుంది. గోడను గుద్దిన కారు లెక్క చెబితే మాత్రం బ్రేకమ్మ మొహం చిన్నబుచ్చుకుని, "డ్రైవరుకేమైంది?" అని అడిగింది. బాగానే ఉన్నాడని సూత్రాలు ఒట్టేసి చెప్పాకే లెక్క ముట్టుకుంది.

బలమంటే ఏమిటో ఎంత చెప్పినా ఆవిడకు పట్టుబడలేదు. న్యూటను అనేది ఆవిడకు కాగితం మీద గీతే. ఒక ఆదివారం ఉదయం సూత్రాలుకు ఎక్కడలేని ఆలోచన వచ్చింది. స్నానాలగదిలోంచి బరువు చూసుకునే మిషను చంకలో పెట్టుకుని వీధిలోకి వచ్చింది.

"వదినా, బండి న్యూట్రల్లో పెట్టు. ఇవాళ నెడతాం. అన్నయ్యా, నువ్వు స్టీరింగు పట్టుకో."

"నాకు నడపడం రాదుగా!"

"నడపమన్నామా? ఊరికే పట్టుకోండి," అంది బ్రేకమ్మ. "తిప్పారో, మీ టేపుతోనే కట్టేస్తాను."

ఇంటి ముందు రోడ్డు అద్దంలా చదునుగా ఉంటుంది. బ్రేకమ్మ ఆ మిషనును నిలువుగా కారు వెనక భాగానికి ఆనించి, రెండు అరచేతులతో దాని మీద బలమంతా పెట్టి నెట్టింది. సూత్రాలు పక్కనే వంగి నడుస్తూ ముల్లు చూసి అరవడం మొదలుపెట్టింది. "ఇరవై... ఇరవై ఐదు... ముప్పై! ముప్పై నాలుగు! కదిలింది వదినా, కదిలింది! ఆపకు! ఇప్పుడు పద్దెనిమిది... పద్దెనిమిది దగ్గరే నిలిచింది!"

ఎదురింటి ముసలాయన చేతిలో పేపరుతో గబగబా వచ్చాడు. "అయ్యయ్యో, బండి ఆగిపోయిందా అమ్మా? ఉండండి, నేనూ ఒక చెయ్యి వేస్తాను."

"ఆగిపోలేదండీ," అంది బ్రేకమ్మ రొప్పుతూ. "ఫిజిక్సు చేస్తున్నాం."

ఆయన నోరెళ్ళబెట్టి, కాసేపు నిలబడి చూసి, తనూ పేపరు చంకలో పెట్టుకుని నెట్టాడు. ముల్లు తొమ్మిదికి పడిపోయింది. "చూశావా, బలాన్ని ఇద్దరూ పంచుకున్నారు!" అని చప్పట్లు కొట్టింది సూత్రాలు. లోపలినుంచి టైలరు "ఇక ఆపండి, వీధి చివరి గేటు వస్తోంది, గేటు వస్తోంది!" అని కేకలు. బ్రేకమ్మ పరుగున వెళ్ళి, తలుపు తీసి, మొగుడి కాళ్ళ మధ్యలోంచి చెయ్యి పెట్టి బ్రేకు నొక్కింది. నలుగురూ రోడ్డు మీదే కడుపు పట్టుకుని నవ్వారు.

నవ్వు ఆగాక బ్రేకమ్మ అరచేతులు చూసుకుంది. మిషను గీతలు ఎర్రగా అచ్చు పడ్డాయి. "అయితే పద్దెనిమిది కిలోల బరువు మోసినంత. పదితో హెచ్చిస్తే నూట ఎనభై న్యూటన్లు. వంద మీటర్లు నెడితే పద్దెనిమిది వేల జౌళ్ళ పని. అంతేనా?"

"అంతే!"

"ఇదా నువ్వు ఇన్నాళ్ళూ చెబుతున్నది? ముందే నెట్టించొచ్చుగా!"

ఆ రోజునుంచి లెక్కలు ఆవిడకు అరచేతుల్లోంచి వచ్చేవి. గతిశక్తి, పని, బలం, అన్నీ ఒకదాని వెంట ఒకటి పట్టుబడ్డాయి. పెట్రోలు దగ్గర మాత్రం మళ్ళీ గొడవైంది. ఇంజను దక్షత ఇరవై ఐదు శాతమంటే, నాలుగు లీటర్లు పోస్తే ఒక్క లీటరు శక్తే చక్రాలకు చేరుతుందనీ, మిగతా మూడూ వేడిగా పోతాయనీ సూత్రాలు చెప్పింది.

"మూడు లీటర్లు గాలికా?" బ్రేకమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవరు దొబ్బేశారే?"

"ఎవరూ కాదు వదినా. చలికాలంలో బానెట్టు మీద చేతులు కాచుకుంటావు చూడు, అదే."

బ్రేకమ్మ లేచి కిటికీలోంచి తన టాక్సీ బానెట్టు వంక గుర్రుగా చూసింది. పంతొమ్మిదేళ్ళ పెట్రోలులో ముప్పాతిక వంతు చలి కాచుకున్నాననుకుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున పదింటికి. సూత్రాలు స్కూలుకు సెలవు పెట్టి మరీ గుమ్మందాకా వచ్చింది. "డ్రైవరు?" అంది. "బయటే," అంది బ్రేకమ్మ, గొడుగు ఆ పిల్ల చేతికిస్తూ.

పెద్ద హాలు, పొడుగు బల్లలు, గోడ మీద గట్టిగా టిక్కుటిక్కుమనే గడియారం. బ్రేకమ్మ ఇచ్చిందే తీసుకుంది. ఖాళీ కారంటే ఖాళీ కారే. ఘర్షణ లేదంటే లేదు, పళ్ళు బిగబట్టి మరీ లేదనుకుంది. ఆరు లెక్కలు నున్నగా అయిపోయాయి. ఏడోది పెట్రోలు లెక్క. దానికే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు. ఇంకా పదిహేను నిమిషాలుంది.

కారు ఒకే వేగంతో ముప్పై రెండు కిలోమీటర్లు పోయింది. దాన్ని వెనక్కి లాగే బలం నాలుగు వందల ఎనభై న్యూటన్లు. లీటరు పెట్రోలులో మూడు కోట్ల ఇరవై లక్షల జౌళ్ళ శక్తి. ఇంజను దక్షత ఇరవై ఐదు శాతం. ఎన్ని లీటర్లు ఖర్చవుతాయి?

బలాన్ని దూరంతో హెచ్చించింది: ఒక కోటి యాభై మూడు లక్షల అరవై వేల జౌళ్ళు. అందులో ఇరవై ఐదు శాతం, అంటే నాలుగో వంతు, ముప్పై ఎనిమిది లక్షల నలభై వేలు. దాన్ని లీటరు శక్తితో భాగించింది. సున్నా పాయింటు ఒకటి రెండు లీటర్లు. కింద రెండు గీతలు గీసింది. హమ్మయ్య, అయిపోయింది. పెన్నుకు మూత పెట్టింది.

పెట్టింది కానీ కుడికాలు ఊరుకోలేదు. బల్ల కింద, ఉత్త నేల మీద, గట్టిగా బ్రేకు తొక్కింది.

ఇదేమిటి? బ్రేకమ్మ కాగితం వంక చూసింది. సున్నా పాయింటు ఒకటి రెండు లీటర్లంటే నూట ఇరవై మిల్లీలీటర్లు. మంచినీళ్ళ గ్లాసులో సగం. అరగ్లాసు పెట్రోలుతో ముప్పై రెండు కిలోమీటర్లా! ఆవిడ టాక్సీ అరగ్లాసుతో రెండు కిలోమీటర్లు పోతే గొప్ప. చెవిలో పువ్వు పెట్టుకున్నవాళ్ళెవరైనా నమ్ముతారేమో కానీ, రోజూ బంకు ముందు నిలబడే మనిషి నమ్ముతుందా?

కానీ డ్రైవరు లోపలికి రాకూడదు కదా. మాటిచ్చింది. రెండుసార్లు ముంచింది ఆ డ్రైవరే. లెక్క వేసినదాన్ని నమ్మాలా, నేల తొక్కుతున్న కాలును నమ్మాలా? గడియారం చూస్తే ఎనిమిది నిమిషాలుంది.  ఇంతలో ఎక్కడినుంచో బానెట్టు వేడి గుర్తొచ్చింది. నాలుగు పోస్తే ఒకటే చక్రాలకు. మరి చక్రాలకు కోటిన్నర జౌళ్ళు కావాలంటే, తను పోయాల్సింది దానికి నాలుగు రెట్లు! పోసింది పారిపోతుంటే ఎక్కువ పోస్తారు కానీ, తక్కువ పోస్తారా ఎవరైనా?

"ఓరి నా తెలివీ!" అంది పైకే. పర్యవేక్షించే ఆయన తల తిప్పి చూశాడు.

పాత జవాబు కొట్టేసి గబగబా వేసింది. నాలుగు రెట్లు, ఆరు కోట్ల పద్నాలుగు లక్షల నలభై వేలు. భాగిస్తే ఒకటి పాయింటు తొమ్మిది రెండు లీటర్లు. ముప్పై రెండు కిలోమీటర్లకు! అంటే లీటరుకు పదహారున్నర, ఇంకొంచెం పైన. అచ్చం తన బండే! ఆవిడకు సొంత మనిషి ఎదురైనంత సంతోషమేసింది. ఆ సంతోషంలో చెయ్యి ఆగక, కొట్టేసిన జవాబు పక్కన ఇలా రాసేసింది: "ఇది తప్పు. అరగ్లాసు పెట్రోలుతో ముప్పై రెండు కిలోమీటర్లు నడిచే కారు ఎక్కడైనా ఉంటే దయచేసి చెప్పగలరు. నేను కొనుక్కుంటాను."

గంట మోగింది. కాగితాలు లాక్కుపోయారు.

బయటికొచ్చి జరిగింది పూసగుచ్చినట్టు చెప్పింది. సూత్రాలు ఎగిరి గంతేసి వదినను కావలించుకుంది. ఆ రాసిన మాట దగ్గరికి రాగానే గంతు ఆగిపోయింది.

"రాశావా? మళ్ళీ రాశావా? దిద్దేవాళ్ళతో వేళాకోళమా వదినా!"

"చెయ్యి ఆగలేదే," అంది బ్రేకమ్మ. అప్పటిదాకా లేని భయం అప్పుడు పట్టుకుంది. ఇక నాలుగోసారి లేదు.

ఫలితాలకు మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఆవిడ బండి నడిపింది, అన్నం తింది, నిద్రపోయింది, అంతవరకే. సూత్రాలు రోజుకో రకంగా ధైర్యం చెప్పేది. టైలరు మాత్రం ఒక సాయంత్రం మిషను ఆపి, "రాస్తే రాశావులే. చదివినవాడు నవ్వకపోతే వాడికి కారు లేదని అర్థం," అన్నాడు. ఆయనకూ కారు లేదు. బ్రేకమ్మ ఆ మూడు వారాల్లో నవ్వింది ఆ ఒక్కసారే.

శిక్షణ కేంద్రంలో పెద్దసారు గదికి పిలిచారు. ఆయన మొహం చూస్తే ఏమీ తెలియలేదు, ఎప్పుడూ అంతే. జవాబు పత్రం తీసి బల్ల మీద ఆవిడ వైపు తిప్పి పెట్టారు. పైన ఎర్రసిరాతో డెబ్బై ఒకటి.

బ్రేకమ్మ పత్రం చేతిలోకి తీసుకుంది. డెబ్బై ఒకటి! పేజీలు తిప్పింది. ఏడో లెక్కకు పూర్తి మార్కులు. ఆవిడ రాసిన మాట కింద అదే ఎర్రసిరాతో, దిద్దినవాళ్ళెవరో చిన్న అక్షరాలతో రాశారు: "దొరికితే నాక్కూడా ఒకటి."

ఆవిడ ఆ గదిలోనే ఏడ్చేసింది, నవ్వుతూనే. పెద్దసారు ఏం చేయాలో తోచక మంచినీళ్ళ గ్లాసు జరిపారు. సగమే ఉంది అందులో. దాన్ని చూసి ఆవిడకు నవ్వు ఇంకా ఎక్కువైంది.

ఆ తర్వాతి సోమవారం, కేంద్రం వెనకాల ఖాళీ మైదానంలో, శిక్షణ కారు స్టీరింగు ముందు సూత్రాలు కూర్చుంది. పెదవులు ఎండిపోయాయి. మాటిచ్చింది కదా, తప్పించుకోవడానికి లేదు. పక్క సీటులో బ్రేకమ్మ.

"వదినా, నిజంగా నడపాలా? నేను పుస్తకంలో నడుపుతాను చాలదూ?"

"క్లచ్ మెల్లగా వదులు. ఊఁ. పోనీ... పోనీ... భేష్!"

కారు ఒకటి రెండు ఊపులు ఊగి, ముందుకు కదిలింది. సూత్రాలుకు నమ్మకం కుదరలేదు, తరవాత కుదిరింది, తరవాత మరీ ఎక్కువ కుదిరింది. "నడుపుతున్నా! వదినా, నేను నడుపుతున్నా!" అని కేకలు పెడుతూ మైదానం చివరి దాకా వచ్చేసింది. ఎదురుగా ప్రహరీగోడ.

"బ్రేకు," అంది బ్రేకమ్మ.

"ఉండు, ఇప్పుడు వేగం గంటకు ఇరవై, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు, దాని వర్గం ముప్పై, మనకు ఆగడానికి కావలసిన దూరం..."

"లెక్క బాగానే ఉందమ్మా, కాలేదీ?"

సూత్రాలు కిందికి చూసింది. కాలు ఎక్కడుందో ఆ పిల్లకే తెలియలేదు. గోడ మీద అతికించిన కాగితం మీది అక్షరాలు కనిపిస్తున్నాయి. పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్నట్టే బ్రేకమ్మ కుడికాలు తనంతట తనే కిందికి దిగింది. ఈసారి దాని కింద ఉత్త నేల లేదు. గట్టిగా, చల్లగా, పాదానికి సరిపోయేంత బ్రేకు తగిలింది.

కారు మెల్లగా, చుక్క ఒలకనంత మెల్లగా, గోడకు రెండు గజాల ఇవతల ఆగింది.

 బ్రేకమ్మ వంగి తన కాలి వంక, దాని కింద ఉన్న బ్రేకు వంక చూసుకుంది. కళ్ళు తుడుచుకుంది.

"ఘర్షణ ఉందే సూత్రాలూ," అంది. "సరే, రివర్సు వెయ్యి."